ఓనరుకే అమ్మబోయిన గుడ్డ

రాజపాళయం

అక్కకు,

ఫోన్లో చెప్పేదానికి నోరు రాక రాస్తున్నాను. నీ కొడుకు మహేశ్వరన్‌ను జైల్లో చూసి వచ్చినాను. సత్రపట్టి ఊళ్ళో మగ్గాల ఓనరు దగ్గర బ్యాండేజ్ గుడ్డ దొంగిలించి, మరునాడు ఆయనకే అమ్మేదానికి ఎందుకు పోయినావురా అని అడిగితే, "గుడ్డ కొనేది ఆయనే కదా మామా" అన్నాడు.

వక్కీలు వాడిని ఒక డాక్టరమ్మకు చూపించినాడు. వాడు కడుపులో ఉన్నప్పుడు తల్లి తాగేదా అని ఆమె నన్ను అడిగింది. అట్లాంటి బిడ్డల్లో కొందరికి మెదడు సరిగా ఎదగదంట, ఏది చేస్తే ఏమవుతుందో తెలీదంట. జడ్జికి ఇది తెలిస్తే వాడికి మేలంట. సోమవారం అక్కనే మీ దగ్గరికి తీసుకొస్తానని చెప్పినాను. అది నువ్వు చెప్పాల్సిన మాట.

నువ్వు మిల్లులో షిఫ్టు ముగించి వస్తే, ఒళ్ళునొప్పికి మంచిదని మీ అత్తే బ్రాందీ పోసి ఇచ్చేది. కడుపుతో ఉన్నావని కూడా ఆపలేదు. పోయిన ముసలిదాన్ని ఇప్పుడు తిట్టి ఏమి లాభం. అది తప్పని నీకెవరు చెప్పినారు? సోమవారం పొద్దున బస్సెక్కి రా, నేను పక్కనే ఉంటాను.

నేను లేచి వస్తుంటే మహేశ్వరన్ మళ్లీ పిలిచినాడు. "మామా, ఆ గుడ్డకు దుడ్డు ఓనరు మా అమ్మ చేతికి ఇచ్చినాడా?" అని అడిగినాడు.

ఇచ్చినాడని చెప్పినాను.

నీ తమ్ముడు