లోపలికి జరిపిన వరసలు

నవంబరు 9, ఆదివారం

బావగారికి,

మీ బావమరిది అనేక నమస్కారాలతో రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ, షాపూ, షాపులో మూలుగుతున్న కుట్టుమిషన్లూ అందరం క్షేమం. అక్కడ మీరూ, అక్కా క్షేమమని తలుస్తాను. ఇంత మర్యాదగా మొదలుపెడితే రెండో పేరా దాకా అయినా చదువుతావని ఆశ. ఇక ఆ మర్యాద నావల్ల కాదు బావా, మామూలుగానే రాస్తాను.

ఫోన్ చేస్తే ఎత్తవు. మన కుట్టుమిషన్ రిపేర్ల వికీలో చర్చ పేజీలో రాద్దామంటే, ఆ వికీని మనతో కలిసి రాసుకునే మెకానిక్కులందరూ చదువుతారు. ఇప్పటికే మన తగువు వాళ్ళకి ఉచిత వినోదం. సూదులూ బాబిన్లూ అమ్మే షాపాయన మొన్న కనిపించి, ఏమయ్యా, బావాబామ్మర్దులు మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారు, టీ తాగేటప్పుడు మాకేమీ తోచట్లేదు అన్నాడు. నవ్వాననిపించి వచ్చేశాను.

నువ్వు బట్టల ఫ్యాక్టరీలో చేరాక ఇక్కడ ఒక్కణ్ణే అయిపోయాను. నీ బల్ల ఎలా వదిలేశావో అలాగే ఉంది. అక్క బల్ల మీద పక్కింటి పిల్లి కాపురం పెట్టింది. దాన్ని తోలితే నా బల్ల మీదకి వచ్చి నూనె డబ్బా పడేస్తోంది, అందుకని ఊరుకున్నాను. ముగ్గురం కలిసి నడిపిన షాపు ఇది. నువ్వు వెళ్ళావంటే నాతో గొడవపడి వెళ్ళావు. అక్క ఎందుకు మానేసిందని అడిగితే, విసుగొచ్చిందిరా, ఎన్నాళ్ళని అంది. ఆ మాట నేను నమ్మేశాను. మిషన్ చప్పుడు వింటేనే జబ్బేమిటో చెప్పే మనిషికి విసుగేమిటని ఒక్కసారైనా ఆలోచించలేదు.

అసలు గొడవెంత బావా? ఇప్పుడు తలుచుకుంటే గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకున్నట్టుంది. దారం తెగడం గురించి నేనొక పేజీ రాశాను. అక్క మనకి చెప్పింది చెప్పినట్టు, ఊపిరి తీసుకోకుండా, సూది దగ్గర మొదలుపెట్టి షటిల్ దాకా రాసుకుంటూ పోయాను. చేంతాడంత అయింది. పైనుంచి కిందిదాకా అన్ని వరసలూ ఒకే అంచుకి నిలబడి ఉంటే ఎంత ముచ్చటేసిందో! ఒకరోజు పొద్దున చూసేసరికి నువ్వు దాన్ని ముక్కలు చేసి, కొన్ని వరసలు ఒక మెట్టు లోపలికి, కొన్ని రెండు మెట్లు లోపలికి జరిపేశావు. నా పేజీని ఎలకలు కొరికినట్టు అనిపించింది. వికీ తాళాలు, అదే ఎవరు మార్చినా వెనక్కి తిప్పే అధికారం, నా దగ్గరే ఉన్నాయి కదా, నిమిషంలో పాత రూపానికి తెచ్చేశాను. నువ్వు మళ్ళీ జరిపావు. నేను మళ్ళీ వెనక్కి తెచ్చాను.

ఆ తర్వాత చర్చ పేజీకెక్కాం. అక్కడి పద్ధతి నీకు చెప్పేదేముంది, జవాబిచ్చేవాడు ముందువాడి మాట కన్నా ఒక మెట్టు లోపలికి జరిగి రాయాలి. నువ్వొక మెట్టు, నేనొక మెట్టు. మెట్టు జరగడానికి వరస మొదట్లో పెట్టే ఆ రెండుచుక్కల గుర్తులు చివరికి మాటల కన్నా ఎక్కువైపోయాయి. మన కోపాలు కుడి అంచుకి చేరి, వరసకి ఒక్కో మాట చొప్పున కిందికి జారుతూ వచ్చాయి. అలా అయినప్పుడు ఎవరో ఒకరు మళ్ళీ ఎడమ అంచుకి వచ్చి కొత్తగా మొదలుపెట్టాలి. అది ఓడిపోవడం కాదు, చదివేవాళ్ళ మీద దయ. నేను రాలేదు. బావే రానీ అనుకున్నాను. నువ్వు ఆ ఇరుకులోనే, సరే, నీ ఇష్టం అని రాసి వెళ్ళిపోయావు. నేను గెలిచానని ఆ రోజు మిఠాయి కూడా కొనుక్కు తిన్నాను బావా. సిగ్గు లేకపోతే సరి.

ఒక్క మాట మాత్రం నన్ను వదలడం లేదు. ఇలా జరిపి రాస్తే చదివేవాళ్ళకి సుఖంగా ఉంటుందని నువ్వన్నప్పుడు, ఎవరయ్యా ఆ చదివేవాళ్ళు, అంత గుడ్డివాళ్ళెవరు అని అందరి ముందూ ఎకసెక్కెం చేశాను.

ఇక అసలు విషయం. ఈ వారం షాపు పెందలాడే మూసి, ఆ పేజీ అంతా నేనే లోపలికి జరిపాను. అవును, నేనే. నవ్వుకో. మొదటిసారి ప్రతి వరసకీ ఒకే మెట్టు పెట్టాను. పేజీ మొత్తం ఇంత పక్కకి జరిగి కూర్చుంది తప్ప ఇంకేం కాలేదు. ఏది దేని కిందికి వస్తుందో తెలియాలని అప్పుడు అర్థమైంది. మొద్దుబారిన సూది సంగతిని సూది అన్న వరస కింద పెట్టాను, బాగానే ఉంది. బాబిన్ మీద దారం వదులుగా చుట్టుకోవడం బాబిన్ కింద. గుడ్డని అదిమిపట్టే ప్రెషర్ పాదం పైకెత్తమన్నది ఎక్కడ పెట్టాలి? దాన్నీ సూది కిందే పెట్టేసి, తీరా చూస్తే అది దారం ఎక్కించేటప్పటి పని. పాదం దిగి ఉంటే దారం బిగువు పట్టే బిళ్ళల మధ్యకి వెళ్ళదు. రోజూ చేతులతో చేసే పనే, రాతలో మాత్రం దాన్ని తీసుకెళ్ళి వేరే ఇంట్లో పడుకోబెట్టాను. ఇన్నాళ్ళూ ఒకే అంచుకి రాయడంలో నాకు తెలియనివన్నీ ఎంత చక్కగా దాక్కున్నాయో చూశావా! ఏది దేనికి చెందుతుందో ఆలోచించకుండానే మెకానిక్కునని తిరిగాను.

నువ్వు ఒకసారి చూసి తప్పులు దిద్దాలి. తాళాలు నీ పేరున కూడా పెట్టాను. నేనింత మారిపోవడానికి కారణం మాత్రం అడగకు. వయసొచ్చింది, బుద్ధొచ్చింది అనుకో.

బావా, నాకు నిజంగా బాధగా ఉంది. దేనికో ఒకదానికి మాటలు పెరగడం ఏ ఇంట్లోనైనా ఉండేదే. కానీ నీతో మాట్లాడకుండా ఇన్ని నెలలు ఎలా గడిపానో నాకే తెలియదు. ఫ్యాక్టరీ వాళ్ళు వదిలితే వచ్చెయ్యి. వదలకపోతే సెలవు రోజుల్లో రా. నువ్వొక్కడివే రావద్దు, అక్కని కూడా తీసుకురా. తన కోసం మంచి దీపం ఒకటి బిగించాను. పిల్లిని నేను చూసుకుంటాను.

నీ మీద కోపమున్నా, లేకపోయినా,
నీ బావమరిది

తా.క.: కవరు అంటించేశాక మళ్ళీ చింపాను. కారణం చెప్పకపోతే నువ్వు రావు, వచ్చినా అక్కని తీసుకురావు.

పోయిన ఆదివారం నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు అక్క ఫోన్ చేసింది. ఎదురింటావిడ మిషన్ తెచ్చిందట. దారం తెగే పేజీ చదివి వినిపించరా, నా ఫోన్‌లో నెట్ రావట్లేదు అంది. నువ్వు నేర్పిందే నీకు చదవాలా అని ఆటపట్టించాను. అప్పుడు చెప్పింది. తను ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు కళ్ళు తిరిగి పడిందని మీరిద్దరూ నాకు చెప్పారే, అది ఉత్త కళ్ళు తిరగడం కాదట, మెదడులో నరం దెబ్బతిందట. పని చేతుల్లోనే ఉందిరా, ఏది ముందో ఏది తర్వాతో జారిపోతోంది, చదువుదామంటే ఒక వరస దిగేసరికి ఏ వరసలో ఉన్నానో తెలియట్లేదు, కళ్ళజోడుతో పోయేది కాదన్నారు డాక్టర్లు, మీ బావ జరిపి పెట్టాక ఆ అంచులు పట్టుకుని దిగేదాన్ని అంది. నాకెందుకు చెప్పలేదే అంటే, నీకు పని నేర్పినదాన్ని, నువ్వు జాలిపడితే ఓర్చుకోలేనురా అంది.

నీకూ తెలియనిది ఇంకొకటుంది బావా. ఇప్పుడు నాకు బాగానే చదవొస్తోంది, ఆ మెట్లు అక్కర్లేదు, వాడితో తగువు మానెయ్యి అని అక్క నీతో చెప్పిందట. అందుకేగా నువ్వు సరే అన్నావు? అది అబద్ధం. మొగుడూ తమ్ముడూ కొట్టుకుంటుంటే చూడలేక ఆడిన అబద్ధం. చదవడం రాక షాపు మానేసి, విసుగని చెప్పింది. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

ఆ రోజు పేజీ చదివాను. ఇంకోసారి అంది. చదివాను. నువ్వు మరీ గుక్క తిప్పుకోకుండా రాశావురా, ఏమీ అనుకోకుండా మళ్ళీ మొదటినుంచి చదవవూ అని బతిమాలింది. బావా, అక్క నన్ను బతిమాలింది.