మనవరాలి కడుపులో దిగిన పంది కోర

మంగళవారం, రాత్రి

ముప్పై ఏళ్ల కింద బొగ్గుబాయిలో నా మీద బండ పడితే, పైకి దెబ్బ కనబడలేదని డాక్టరు మళ్లీ డ్యూటీకి పంపాడు. మూడో రోజు లోపల నెత్తురు కారి చావబోయాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

నిన్న పత్తిచేనులో అడవిపంది మా మనవరాలి కడుపులో కోర దించింది. దవాఖానలో పైన రెండు కుట్లు వేసి ఊరుకున్నారు. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు గట్టిగా వస్తేనే అది కూలదని నమ్మేవాణ్ణి. ఇవాళ సాయంత్రం పిల్ల కడుపు మీద వేళ్లతో అట్లే కొట్టి చూశాను. బిగుసుకుని ఉంది.

"కొట్టకు తాతా, నొస్తాంది. నేనేమన్న బాయి కప్పునా?" అంది.

"స్కానింగ్ ఎందుకు తియ్యలే సారూ?" అని కుట్లు వేసిన డాక్టరును అడిగాను.

"డాక్టరీ ఎక్కడ చదివినవ్ పెద్దమనిషీ, బాయిలనా? రేపు ఇంటికి తీస్కపో" అన్నాడు.

నా చదువు రెండో తరగతే. అయినా బుధవారం పొద్దున కల్లా, లోపల ఏం తెగలేదని అతను కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. లేదంటే మంచం దగ్గర నుంచి నేను లేవను.