‘సరేనా’ అంటే సరే కాదు

పటాన్‌చెరు

చి.ల.సౌ. పద్మావతిని ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, అమ్మాయి కృష్ణప్రియా క్షేమం. కాకినాడలో మీ అమ్మగారి తుంటి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోన్ చేస్తే ఆవిడ స్పీకరు పెట్టమంటుంది కనుక రాస్తున్నాను.

కంపెనీ విచారణలో ఏం జరిగిందని అడిగావు. పాశమైలారం ఫ్యాక్టరీలో పనికెళ్ళే మన పిల్లను స్టోర్‌రూములో చెరపట్టబోయిన ఆ సూపర్‌వైజరు రాజశేఖర్ కుర్చీలో వెనక్కి వాలి, "జబర్దస్తి ఏం చెయ్యలే సార్. సరేనా అని అడిగిన. ఆమెనే సరే అన్నది" అన్నాడు. కంపెనీ పెద్దలు తలలూపారు. నిండు సభలో ఆడపిల్లకు అన్యాయం జరుగుతుంటే నోరు మూసుకున్నవాడికీ పాపంలో వాటా ఉందని ప్రతి ఏకాదశి ప్రవచనంలోనూ చెబుతానా, ఆ వాటా అక్కడే పంచిపెట్టాను.

మా అమ్మాయిది ఆటిజం, భయపడితే ఎదుటివాడి చివరి మాటే తిరిగి పలుకుతుంది, అది ఒప్పుకోలు కాదు అంటే వినలేదు. అప్పుడు పిల్ల వైపు తిరిగాను.

"అమ్మా, ఈ రాజశేఖర్‌ను ఉరి తీద్దాం. సరేనా?"

"సరేనా" అంది.

"విన్నారుగా, ఒప్పుకుంది. తాడు తెప్పించండి" అన్నాను. వాడు నిటారుగా కూర్చున్నాడు.

అటునుంచి అటే పోలీసు స్టేషనుకు వెళ్ళాం. మేజిస్ట్రేటు ముందు అమ్మాయి వాంగ్మూలం ఇస్తుంటే పక్కన ప్రత్యేక టీచరు కూర్చుంది. చట్టం మన పిల్లకిచ్చిన హక్కది. ఒక్కసారి విన్న ప్రవచనం పొల్లుపోకుండా అప్పజెప్పే బిడ్డ కదా, అరవొద్దని వాడు బెదిరించిన మాట వాడి గొంతుతోనే అప్పజెప్పింది: "ఒర్లకు. నీ మాట ఎవలు నమ్మరు." వాడిప్పుడు జైల్లో ఉన్నాడు. బెయిలొచ్చినా వదలను. క్షమ గురించి చెప్పమని సత్సంగంలో ఎవరో అడిగారు. శాస్త్రంలో క్షమా ఉంది, చక్రమూ ఉంది. ఈ ఏడంతా చక్రం గురించే చెబుతానన్నాను.

గర్భసంచి తీయించేస్తే పీడా పోతుందని మీ అమ్మగారు అన్నట్టు రాశావు. తప్పు వాడిది, కత్తి పిల్ల ఒంటి మీదా? ఆ మాటెత్తే డాక్టరెవరైనా కోర్టుకీడుస్తాను. ఈ ఒక్క ముక్క మాత్రం ఆవిడకు చదివి వినిపించు.

ఇంతకాలం నీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. ప్యాకింగులో పనిచేసే విఘ్నేశ్వర్ రోజూ అమ్మాయితో కలిసి కంపెనీ బస్సు ఎక్కుతాడు. ఒకరోజు చెప్పు చేతబట్టుకుని వెనకాలే వెళ్ళాను. "ప్రియా, చెయ్యి పట్టుకోనా?" అని అడిగి ఆగాడు. బస్సు హారను కొడుతున్నా కదలక, జవాబు కోసం చూశాడు.

మన పిల్ల ‘పట్టుకోనా’ అనలేదు పద్మా. "పట్టుకో" అంది.

చెప్పు కింద పడేసి, తొడుక్కుని ఇంటికొచ్చాను.

ఇట్లు,
ప్రియ వాళ్ళ నాన్న,
సూర్యారావు