ఆల్టె అంటే పలకడం లేదు

వార్సా, మంగళవారం

అత్తయ్యా, మీరు నూట ఇరవయ్యేళ్లు బతకాలి.

మీరు చెప్పినట్టే శనివారం ఇక్కడి మన యూదుల ప్రార్థనామందిరంలో రబ్బీ చేత పిల్ల పేరు మార్పించాను. ఇప్పుడది ఆల్టె, అంటే ముసలిది. మృత్యుదూత మన పిల్లను వెతుక్కుంటూ ఆస్పత్రికి వస్తే, ఇక్కడున్నది ఎవరో ముసలమ్మ అనుకుని వెనక్కి పోవాలి. పాత పేరు ఇందులో రాయను. కార్డు ముక్కను దారిలో అందరూ చదువుతారు, వాడూ చదువుతాడు.

నిన్న నర్సు చీటీ చూసి పాత పేరుతో పిలవబోతే ఆమె నోరు మూశాను. "నీకేమైనా పిచ్చా?" అంది. "పిచ్చే. ఇంకోసారి ఆ పేరెత్తి చూడు" అన్నాను. పక్క మంచం ఆవిడ నవ్వి, "ఏం ముసలమ్మా, పళ్లన్నీ ఊడాయా?" అని పిల్లను ముద్దు చేసింది. పిల్ల నవ్వలేదు. "అమ్మా, ఆల్టె ఎవరు? ఎప్పుడూ దాన్నే పిలుస్తావు. నన్నెందుకు పిలవవు?" అంది. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకుంది. ఎంత పిలిచినా ఇటు తిరగదు.

ఇంక తన చేతుల్లో లేదన్నాడు డాక్టరు. జబ్బులకని దాచిన పండ్ల పాకం పంపకండి, చిన్నవాడికి పెట్టేయండి. వాడి దగ్గు తగ్గిందా? వాడికి నా ముద్దులు.

మన ఊరి రబ్బీని ఒక్క మాట అడిగి వెంటనే రాయండి. పోవడం ఖాయమైతే, ఒక్కసారి పాత పేరుతో పిలవచ్చా? అది నా మొహం చూసి పోవాలి.

మీ జాబు వచ్చేదాకా దాని వీపుకేసి చూస్తూ ఆల్టె, ఆల్టె అంటూనే ఉంటాను.

మీ కోడలు
బ్రైనె