నాయన చేసినదానికి పేరు

రజియా,

మీరు బొల్లారం వదిలి నేటికి రెండేళ్లు. ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

పోలీస్ యాక్షన్ రోజుల్లో మీ అబ్బాజాన్ మా ఇంటి అటక మీద దాక్కున్నారు. వెతుక్కుంటూ వచ్చిన మనుషులకు మా నాయన ఆ అటక చూపించాడు. వాళ్లు తీసుకెళ్లిన ఆయన మళ్లీ తిరిగి రాలేదు. భయంతో చూపించానని నాయన ఏడిస్తే నమ్మాను. తప్పు జరిగిపోయిందని నీతోనూ చెప్పాను. నువ్వూ నమ్మావు. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు కదిలేదాకా నా చెయ్యి వదల్లేదు. మీ గాజుల దుకాణం అప్పటినుంచి నాయనే నడుపుతున్నాడు.

ఇవాళ పొద్దున జ్వరంతో పడుకుని నాయన నన్ను పిలిచాడు.

"భయం గియం ఏం లేదు బిడ్డా. ఆయన ఉంటే ఆ దుకాణం నాకు దక్కదని తెలిసే చూపించిన. రజియా నన్ను మాఫ్ చేస్తదా?"

"ఏమో నాయనా. భయపడి చేసినవని ఇన్నొద్దులు తప్పు అన్న. ఆశపడి, తెలిసి చేసినవు. గిది తప్పు గాదు, దుర్మార్గం."

నాయన గోడవైపు తిరిగాడు. కాసేపటికి నేనే లేపి జావ తాగించాను.

మధ్యాహ్నం మా సరుకంతా బయటికి తీయించి, మీవాళ్లెవరైనా వస్తే ఇమ్మని దుకాణం తాళంచెవి మసీదు పెద్దాయనకు అప్పగించాను.

నువ్వు కనబడితే గట్టిగా కావలించుకోవాలని ఉంది రజియా. కానీ ఇదంతా చెప్పకుండా నీ దగ్గరికి రాలేను. చెప్పాక నువ్వు రానిస్తావో లేదో.

నీ సత్తెమ్మ