డ్యూటీల ఉన్నడు

టేకులపల్లి,
9 ఫిబ్రవరి 2026, సోమవారం.

చి.ల.సౌ. అరుణశ్రీకి,

పెద్దక్క సారక్క దీవించి రాసేది. రాముని దయతోని ఇక్కడ అమ్మ, నేను లేస్తున్నం, కూసుంటున్నం. హన్మకొండల నువ్వు, మరిది, పిల్లలు చల్లగ ఉండాలని రోజూ దీపం కాడ అడుగుతున్న.

ఫోన్‌ల తమ్ముని దోస్తు ఎల్లస్వామి పేరు ఎత్తంగనే నువ్వు పెట్టేస్తున్నవ్. ఉత్తరమైతే అట్ల మధ్యల కొయ్యరాదు. అందుకే కాగితం పట్టిన. నీకు తెలిసినవి గూడ మళ్లా రాస్తున్న, వరుస తప్పొద్దని. ఆఖరు దాక చదువు.

నాకు ఒక్క పొద్దే మాటిమాటికి యాదికొస్తున్నది. పోయిన మార్చిల మన తమ్ముడు సాగర్ పోయిన నాటి పొద్దు. చూస్తే ఏ ప్రత్యేకమూ లేదు. రెండో షిఫ్టు వారం గనుక సాగర్ ఏడు దాక పండుకున్నడు. లేచి, పంపు కాడ ముఖం కడిగి, ఖాళీ బకెట్ బోర్లేసి నాగక్క పాటల జట్టు, కిన్నెరవాగు జట్టు దరువు మొదలుపెట్టిండు. నేను మందారాలు కోస్తున్న. పొద్దుపొద్దున ఏందిరా ఆ మోత అని అమ్మ అరిచింది. నాగక్కకు డప్పు కొట్టేటోడు కావాల్నటనే, నౌకరి ఇడిసిపెట్టి పోతున్న అన్నడు. పోదువు గాని ముందుగాల ఆ బకెట్ నింపు అన్నది అమ్మ. నింపిండు. సద్దన్నంల కొత్త మామిడికాయ తొక్కు కలుపుకొని, ఇంకోసారి పెట్టించుకొని తిన్నడు. కంచం కడిగిపెట్టి, పొయ్యి కాడ నా పక్కకు కూసొని కొంచెంసేపు మాట్లాడిండు. రెండింటికి టిఫిన్ డబ్బ తీస్కొని, బండి స్టార్ట్ చేసి, పోయొస్త అక్కా అన్నడు. నేను సహస్రనామం మధ్యల ఉన్న. తల ఊపిన. వాడు చూసిండో లేదో తెల్వదు.

సాయంత్రం ఆరున్నరకు బొగ్గుబాయిల పైబండ కూలింది.

అదే సాయంత్రం కొత్తగూడెంల నాగక్క ప్రోగ్రాం. నీకు ఎరుకే, సాగర్‌కు, ఎల్లస్వామికి, జంపయ్యన్నకు, ఇంకో ఐదుగురికి ఆ జట్టు పాటలంటే ఎంత పిచ్చో. ఎక్కడ పాడితే అక్కడికి తుఫాన్ బండి కిరాయికి మాట్లాడుకొని పోయేటోళ్లు. సాగర్, ఎల్లస్వామి బాయిల ఒకటే గ్యాంగ్. ఇద్దరికీ ఒక్కసారి లీవ్ దొరకదు. అందుకే వంతు పెట్టుకున్నరు. ఒకసారి వీడు పోతే, ఇంకోసారి వాడు. ఆ రోజు సాగర్ వంతు. పోయింది మాత్రం ఎల్లస్వామి. వంతు బతిమాలి గుంజుకున్నడని ఊరంతా అనుకున్నది. పాడెకు భుజం పట్టబోతే నువ్వు వాన్ని నెట్టినవ్. మా తమ్ముని పాణమిచ్చి పాట కొనుక్కున్నవారా, మా గడప తొక్కకు అన్నవ్. వాడు వెనక్కి జరిగిండు. అప్పటినుంచి తొక్కలే.

పది రోజుల కింద జంపయ్యన్న ఇంటికొచ్చిండు. ఏడో తారీఖు శనివారం భద్రాచలంల ప్రోగ్రాం ఉన్నది, బండిల సాగర్ సీటు ఖాళీ ఉన్నది చెల్లే, ఎవల్ని కూసోబెట్టాలన్నా మనసు ఒప్పుతలేదు, నువ్వు రా అన్నడు. వీధి చివర వేపచెట్టు కింద ఎల్లస్వామి నిలబడి ఉన్నడు. ఇటు చూస్తలేడు. రాముని దర్శనం గూడ అయితదని వస్త అన్న. అమ్మ మొకం తిప్పుకున్నది.

శనివారం మధ్యాహ్నం బయలెల్లినం. నన్ను ముందు సీట్ల కూసోబెట్టిండ్రు. పాల్వంచ దాటినం. నా చేతిల జపమాల చూసి, చెల్లే, నువ్వు రామ రామ అంటవు, వీళ్లు దరువేస్తరు, రెండు కలవకపోతే తప్పు ఎవలదంటవ్ అని జంపయ్యన్న అడిగిండు. దరువుదే అన్న. అందరు నవ్విండ్రు. అప్పుడు పాటలు మొదలైనయి. సాగర్ ఇంట్ల పాడేటప్పుడు నేను ఒక్క పాట ఆఖరు దాక వినలే. ఇప్పుడు చూస్తే అన్ని పాటలూ నాకు వచ్చు.

దర్శనం చేసుకొని, కరకట్ట పక్క మైదానంకు పోయేసరికి అయిదున్నర. ఎన్నో ఊర్ల బండ్లు. మణుగూరోళ్లు, ఇల్లందోళ్లు, వాగులు దాటి వచ్చిన గూడేలోళ్లు. ఒకలకొకలు తెల్వకున్నా, ఏ ప్రోగ్రాంల కలిసినమో చెప్పుకొని చుట్టాల లెక్క మాట్లాడుకుంటున్నరు. ఒకామె నాకు బుట్టల నుంచి రేగుపండ్లు తీసిచ్చి, ఎవలు తోలుకొచ్చిండ్రు వదినా అన్నది. మా తమ్ముని దోస్తులు అన్న. తమ్ముడు రాలేదా అన్నది. రాలేదు అన్న.

నాగక్క మనిషి సన్నగ, చిన్నగ ఉన్నది. నోరు తెరిస్తే గోదావరి ఆ ఒడ్డుకు ఇనపడుతది. మూడు పాటలైనంక డప్పులు ఆపించింది. సాగర్ ఎప్పుడూ చెప్పే సంగతి అదేనని నాకు అప్పుడు తెలిసింది. బాయి పనోళ్లు పది మంది రావాలనుకుంటే ఇద్దరు షిఫ్టుల చిక్కుకుంటరు. వాళ్ల కోసం ఒక పాట ఉంటది. రానోళ్లు ఎవలు అని నాగక్క అడుగుతది. ఒక్కొక్క గుంపు తమోని పేరు గట్టిగ పిలుస్తది. మైదానమంతా, డ్యూటీల ఉన్నడు, అని ఒక్కసారి అంటది. డప్పు మీద ఒక్క దెబ్బ. మళ్లా ఇంకో పేరు.

ఆ మూల నుంచి ఒక పేరు వచ్చింది. ఈ మూల నుంచి ఒకటి. మనోళ్లు పిలువాల్సిన పేరు ఏదీ లేదు, అందరూ వచ్చిండ్రు. అయినా జంపయ్యన్నకు ఏండ్ల అలవాటు. ఎల్లస్వామి పక్కన కూసున్నడంటే పిలువాల్సింది సాగర్ పేరే. లేచి, రెండు చేతులు నోటికి పెట్టుకొని, ప్రేమ్‌సాగరూ అని పిలిచిండు. పిలిచినంక నాలుక కరుచుకున్నడు. కానీ జనానికి ఏమెరుక? డ్యూటీల ఉన్నడు అన్నరు. డప్పు మోగింది.

అరుణా, నా నోరు గూడ అన్నది.

ఎల్లస్వామి తువ్వాల నోట్ల కుక్కుకొని మోకాళ్ల మీద తల పెట్టిండు. పోయినేడు కొత్తగూడెంల ఆ పేరు పిలిచింది వాడేనట. పిలిచిన టైం, బండ కూలిన టైం దాదాపు ఒకటే. దీన్ని నేను ఎవలతోని అనలే. పాట నడుస్తుండంగ వాని వీపు మీద చెయ్యి పెట్టిన.  పాట అయ్యేదాక చెయ్యి తియ్యలే.

వచ్చేటప్పుడు వీధి చివర్నే దిగుత అక్కా అని వాడే బండి ఆపించిండు. ప్రసాదం ఇచ్చిన. కండ్లకు అద్దుకొని, అమ్మకు పెట్టు అక్కా అని సగం నా చేతిలనే పెట్టిండు.

నిన్న ఆదివారం సాయంత్రం రామ్‌చందర్ మామ ఖమ్మం నుంచి వచ్చిండు. తిథి లెక్కన ఈ నెల ఇరవై రెండున సాగర్ సంవత్సరీకం. ఎవల్ని పిలువాలె అని కూసున్నం. ఎల్లస్వామిని పిలుద్దామన్న. మామకు కోపమొచ్చింది. పాటలు ఇని మెత్తబడ్డవా సారక్కా, ఊరు మొకాన ఉమ్ముతది అన్నడు. వాడు దోస్తు గాదు, మన ఇంటి మీద పడ్డ బండ అన్నడు. నేను ఎదురు చెప్పలే.  పోయినోడు వాన్ని చూడందే బుక్క ముట్టకపోయేటోడు, గది నాకు ఎరుకే అన్నది అమ్మ. మళ్లా ఆమెనే, కానీ ఆనాడు నా చిన్నబిడ్డ నలుగురిల వద్దన్నది, ఆమె మాట తీసేసి నేను పిలువ అన్నది. ఆఖరుకు గిట్ల తేల్చిండ్రు. నువ్వు సరే అంటే ఎల్లస్వామి వస్తడు, మొదటి విస్తరి వానికే వేస్తరు. వద్దంటే ఇంక ఈ ఇంట్ల వాని పేరు ఎత్తొద్దు, నేను గూడ ఎత్తొద్దు. మామ ఒప్పుకున్నడు. అమ్మ ఒప్పుకున్నది. నేను ఒప్పుకున్న.

పిల్లలకు ముద్దులు. మరిదికి నమస్కారం.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దక్క,
సారక్క

తా.క. వంతు ఎల్లస్వామి గుంజుకోలే. నేను ఇప్పించిన.

గుడిల పరిచయమైన ఒకామె ఎర్రుపాలెంల ఒక పిల్లను చెప్పింది. అప్పటికే నాలుగు సంబంధాలు తప్పిపోయినయని, ఈసారి చూసి వచ్చినంకనే అమ్మకు చెప్దామనుకున్న. మరునాడే మంచిరోజు. వరుసగ రెండు రోజులు లీవ్ ఇయ్యరు. పొయ్యి కాడ సాగర్‌తోని మాట్లాడింది గదే. పాటకు పోతవా, పిల్లను చూస్తవా అన్న. నీ ఇష్టం అక్కా అన్నడు. ఇయ్యాల డ్యూటీకి పో, రేపు లీవ్ పెట్టు అన్న. అక్కడనే ఎల్లస్వామికి ఫోన్ చేసి, రేపు పిల్లను చూడ పోదామంటున్నది అక్క, నా వంతు నువ్వు తీస్కో అన్నడు.

ఆ పిల్లకు నష్టజాతకురాలని పేరు పడుతదని నోరు మూసుకున్న. నాకు నేను అట్లనే చెప్పుకున్న. శ్రావణంల ఆమెకు పెండ్లయింది. ఆ తర్వాత గూడ ఆరు నెలలు నోరు తెరువలే. నిన్న మామ అన్న మాటలన్నీ నాకు తగలాల్సినవే. కూసొని విన్న.

ఎల్లస్వామికి మొదటినుంచీ ఎరుక. మైదానంల అడిగిన, అరుణ నిన్ను నెట్టిననాడే ఎందుకు చెప్పకపోతివి అని. అమ్మకు అప్పటికే ఒకలు పోయిండ్రు, నిన్ను గూడ దూరం చేసుకుంటే ఆమెకు ఇంట్ల ఎవలు మిగుల్తరు అక్కా అన్నడు.

ఇప్పుడు నీ తీర్పు చెప్పు. కోపం పెట్టుకోవాలంటే నా మీద పెట్టుకో, నేను కాదనను. ఇరవై రెండుకు ఒక రోజు ముందుగాల రా. అమ్మకు నేనే చెప్పాలె. నువ్వు పక్కన లేకుంటే నాతోని కాదు.

పొద్దున అమ్మ అడిగితే ఈ ఉత్తరం చదివి వినిపించిన. నా సంతకం దాకనే.