గాజు తొట్టిలో తూనీగ పిల్లలు

పజుండౌంగ్, రంగూన్
1979, వానాకాలం

చిరంజీవి దండాసిని అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నీ భార్యా కులాసా. నీ ఓడ ఏ నీళ్ళ మీదున్నా నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటాను. అడిగావు కదా, నా దగ్గు తగ్గింది. కోడలితో పొసగడం లేదని నేను రాసినందుకు, నువ్వొచ్చేదాకా సాన్ సాన్‌ను తాకేటాలో పుట్టింటికి పంపెయ్యనా అన్నావు. జవాబు చెబుతాను గాని ముందు నీ చేపల సంగతి విను.

నీ గాజు తొట్టిలో గప్పీ పిల్లలు రోజురోజుకీ తగ్గిపోతూ వచ్చాయి. కోడలు సరిగా చూడదని నీకు రాసింది ఆ కోపంతోనే. మొన్న ఇసకలో మట్టిరంగు పురుగొకటి కదిలింది. దోమపిల్లే కదా, చేపలకు మేత అనుకున్నాను. సాన్ సాన్ వంగి చూసి, తండ్రి సూరన్న నేర్పిన తెలుగులో అంది:

"దోమపిల్ల కాదత్తా. అదైతే తోకాడిత్తా ఈదుతాది. దీనికి ఆరు కాళ్ళు, పాకుతాది. తూనీగ పిల్ల. చేపల్ని తింటాది."

చూస్తుండగానే దాని దవడ ముందుకు సాగి ఒక చేపపిల్లను పట్టేసింది. 

"మందోసి సంపేయే," అన్నాను.

"మందోత్తే చేపలూ సత్తాయి. అయినా వా నెలలు కదత్తా, నాను సంపను."

వా అంటే తెలుసుగా, వానల మూడు నెలలూ ఇక్కడి బౌద్ధులకు వ్రతకాలం, ప్రాణిని చంపరు. ఇక ఆ పిల్ల ఓపిక చూడాలి. చేపల్ని బకెట్లోకి మార్చింది. ఇసకంతా జల్లించింది, అదీ నా పిండి జల్లెడతో, అడగనైనా అడగకుండా. నాచును పోగు పోగూ తెల్ల పింగాణీ పళ్ళెంలో విదిపి వెతికింది. నేనైతే తొట్టెత్తి వీధిలో పారబోసేదాన్ని.

ఒక మాట దాచానురా. ఆ నాచు తెచ్చింది నేనే. వియ్యాలవారింటికి భోజనానికి వెళ్ళినప్పుడు, తొట్టికి అందంగా ఉంటుందని, వాళ్ళ పెరటి వెనక చెరువులోంచి పీకి సంచిలో పెట్టుకొచ్చాను. తూనీగ గుడ్లు దాంతోనే వచ్చాయి. కోడలికి చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. దొరికిన పురుగుల్ని డబ్బాలో పోసుకుని, బస్సెక్కి, తిన్నగా ఆ చెరువుకే వెళ్ళి వదిలొచ్చింది. అన్నీ తెలిసే వెళ్ళింది.

వచ్చాక ఒక్కటే అంది: "ఇకమీద నాచు తెత్తే పళ్ళెంలో కడిగి సూసి ఎయ్యాలత్తా. ఎవరు తెచ్చినా."

అలాంటి పిల్ల మీద నీకు చాడీలు రాశాను. సిగ్గుగా ఉంది.

ఇదీ నీ ప్రశ్నకు జవాబు. ఆమెను పంపాలనుకుంటే పంపు. వెనకాలే నేనూ మూటాముల్లే సర్దుకుని తాకేటా పోతాను. నీ చేపల్ని నువ్వే వచ్చి చూసుకో.

ఇట్లు
మీ ఇద్దరి అమ్మ,
తులసమ్మ